తలుపు తోసి చూసే ప్లీడరమ్మ

మా అమ్మమ్మ లా చదివింది. ఈ సంగతి మా ఇంటికి వచ్చినవాళ్ళకి చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఖాళీ అయ్యేలోగా తెలిసిపోతుంది. మా అమ్మ చెప్పకుండా ఉండలేదు. ఆ తర్వాత వాళ్ళడిగే ప్రశ్న మాకు కంఠతా వచ్చు.

"మరి ప్రాక్టీసు పెట్టలేదేం?"

"పెట్టాను. పడలేదు. తీసేశాను," అంటుంది అమ్మమ్మ, పాత కళ్ళజోడు గురించి చెప్పినట్టు.

ఆమె వాదించగా చూసినవాళ్ళు మా వంశంలో లేరు. అసలా గొంతు వాదనకి పనికొచ్చేది కాదు. పాలవాణ్ణి పిలిస్తే పక్కింటి పిల్లి వచ్చేంత మెత్తన. కానీ ఆ మెత్తటి గొంతుతోనే మా చిన్నతనాన్ని కాల్చుకు తిన్నది. నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకుంటే మా అమ్మ అయితే చెరో రెండూ తగిలించి పని చూసుకునేది, దానికేం బాధ లేదు. అమ్మమ్మ మాత్రం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టేది.

"ముందు వాడి ఫిర్యాదు నువ్వు చెప్పు."

"నా ఫిర్యాదు నాకుంది!"

"దాని వంతు తర్వాత. వాడి మాట వాడు చెప్పుకున్నట్టే చెప్పాలి. సరిగ్గా చెప్పావని వాడు తలూపాలి. అప్పుడు నీది వాడు చెబుతాడు."

తమ్ముడు గాడిద తలూపేవాడు కాదు. నేను మళ్ళీ చెప్పాలి. వాడు మళ్ళీ అడ్డంగా ఊపేవాడు. మా పోట్లాటల్లో సగం అక్కడే చచ్చిపోయేవి, న్యాయం జరిగి కాదు, విసుగు పుట్టి. నేను చదువు మానేస్తానని భీష్మించుకున్నప్పుడు కూడా అమ్మకీ నాకూ మధ్య ఇదే తంతు. అమ్మ భయమేంటో నేను చెప్పాను. అమ్మ తలూపి ఏడ్చింది. నా గోడు అమ్మ చెప్పింది. నేనూ ఏడ్చాను. తర్వాత చదువైతే మానేశాను. ఆ రోజు అమ్మమ్మ గెలిచిందో ఓడిందో ఇప్పటికీ తేలలేదు.

ఈ పద్ధతి ఆమెకి ఏ కాలేజీలోనూ నేర్పలేదు. దీని వెనక ఒక గోడ ఉంది, ఒక తలుపు ఉంది. గోడ కథ చిన్నది.

అమ్మమ్మ వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, పేరుమోసిన ప్లీడరు. ఆయన వరండాలో దగ్గితే కోర్టు లోపల బంట్రోతు నిటారుగా నిలబడేవాడట. కూతురి పరీక్ష ఫలితం రాకముందే ఆమె కొలతలకి నల్లకోటు కుట్టించాడు. ఫలితం రాగానే తన వెనకే నడవమన్నాడు. ఆమె నడిచింది.

అప్పుడొక దావా నడుస్తోంది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు, మధ్యలో ఒకాయన ఎత్తు పెంచిన గోడ. కాగితాల నిండా గోడ కొలతలే. ఒకరోజు వాయిదా పడి అందరూ వరండాలో నిలబడి ఉంటే, గోడ కట్టినాయన్ని అమ్మమ్మ ఊరికే అడిగింది.

"అవతలివాళ్ళ బాధేంటో మీకు తెలుసా అండీ?"

"తెలియకేం! వాళ్ళమ్మ మంచంలో ఉంది. పొద్దున ఆమె మంచం మీద పడే ఎండ ఇప్పుడు పడటం లేదు."

"మరి తెలిసీ..."

"నన్నెవరూ ఎండ సంగతి అడగలేదమ్మా. గోడ ఎత్తు అడిగారు. చెప్పాను."

ఆమె పరుగున వెళ్ళి తండ్రికి చెప్పింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా, "ఎండ మన కేసులో లేదమ్మా," అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె కోటు విప్పేసింది.

ఇల్లు అట్టుడికిపోయింది. "లా చదివి కోర్టుకి వెళ్ళకపోతే ఇంకేం చేస్తావు?" అని ముత్తాత అరిచాడు. అప్పుడూ ఇప్పుడూ అందరికీ అదే అనుమానం, లా చదివినవాళ్ళకి కోర్టు తప్ప భూమ్మీద చోటు లేనట్టు. ఆమెతో చదివిన ఒకాయన అప్పటికే ఒక పత్రికలో చేరాడు. ఏ వార్త ఎలా వేస్తే పరువునష్టం దావా పడుతుందో అచ్చుకి ముందే చెప్పడం ఆయన పని. ఒకావిడ బ్యాంకులో ఆస్తి పత్రాలు పరీక్షించేది. ఇంకొకాయన పాఠాలు చెప్పుకునేవాడు. అమ్మమ్మ కూడా పేపర్లో ఒక ప్రకటన చూసింది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కార్మికుల వ్యవహారాలు చూసేందుకు చట్టం చదివినవారు కావలెను.

"నీకు కోటు కుట్టించింది చొక్కాలు కుట్టేవాళ్ళ దగ్గర కూర్చోడానికా?" అన్నాడు ముత్తాత. అరిచి అరిచి అలిసిపోయాక బేరానికి దిగాడు. "సరే, ఒక్క ఏడాది. కానీ నీ చేతిలో ఉన్న గొడవ ఒక్కటి పోలీసుల దాకా వెళ్ళినా, మర్నాడే ఈ కోటు వేసుకుని నా వెనక నడవాలి. కోటు దగ్గరే పెట్టుకో. ఎంతో కాలం పట్టదు."

ఆమె కోటు తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో తన గదిలో మేకుకి తగిలించింది.

ఇక తలుపు కథ. దీన్ని మాకు అమ్మమ్మ ఒకలా చెబుతుంది, కత్తెరక్క ఇంకోలా చెబుతుంది. కత్తెరక్క ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీ. మెళ్ళో రిబ్బనుకి కత్తెర వేలాడేది కాబట్టి ఆ పేరు. ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది, అమ్మమ్మ మాటకి అడ్డం పడుతుంది. ఇద్దరి మాటా కలవని చోట నేను కత్తెరక్క మాటే నమ్ముతాను. ఎందుకంటే అమ్మమ్మ తన తప్పుని పెద్దది చేసీ, తన భయాన్ని చిన్నది చేసీ చెబుతుంది.

ఫ్యాక్టరీ అంటే కింద ఆఫీసూ గోడౌనూ, పైన కుట్టు హాలు. హాల్లో వరసలు వరసలుగా మిషన్లు. ఒక వరస కాలర్లు కుడితే ఒక వరస చేతులు కుట్టేది, ఇంకో వరస కాజాలు వేసేది. చివర్లో ఇస్త్రీ బల్లలు. ఆవిరి, నూనె వాసన, జుట్టులో కనుబొమల్లో తెల్లటి నూగు. దిగడానికి ముందువైపు ఇరుకు మెట్లు. ఇస్త్రీ బల్లల పక్కన వెనక తలుపు, దాని అవతల బయటికి దిగే ఇనప మెట్లు. ఎప్పుడో ఆ దారిన చొక్కాల కట్టలు మాయమయ్యాయని యజమాని ఆ తలుపుకి తాళం వేయించాడు.

ఆ యజమానిని హాల్లో అందరూ గుండీల సారు అనేవాళ్ళు, ఆయన వినకుండా. నేల మీద గుండీ కనబడితే చాలు, వంగి తీసి జేబులో వేసుకునేవాడు. ఆయన మెట్లెక్కుతుంటే జేబు గలగలలాడేది. ఆ చప్పుడు వినగానే కబుర్లాడేవాళ్ళు నోళ్ళు మూసుకునేవాళ్ళు. అంత మంచి గంట ఏ ఫ్యాక్టరీకీ లేదంటుంది కత్తెరక్క.

అమ్మమ్మ చేరిన కొత్తల్లోనే వెనక తలుపు సంగతి పట్టుకుంది. చట్టం ప్రకారం రెండో దారి ఉండాలి, అది రెండో దారి అని అందరికీ తెలిసేలా రాసి ఉండాలి. ఆమె యజమానితో పోట్లాడి పెద్ద బోర్డు రాయించింది. ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు: అత్యవసర ద్వారం. తలుపు మీద కొట్టించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది. అవసరమొస్తే తాళం తీయడానికి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుందని యజమాని చెప్పాడు. ఆమె విన్నది.

కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె వైరు కాలింది. మంట లేదు, ఉత్త పొగే. కానీ బట్టల హాల్లో పొగంటే మాటలా? అందరూ ఒక్కసారిగా ముందు మెట్ల మీద పడ్డారు. ఇస్త్రీవాళ్ళు వెనక తలుపుని గుద్దారు, తాళం. ముందు మెట్ల మీద తోపులాటలో కాలర్లు కుట్టే పిల్ల కిందపడి చెయ్యి విరిగింది. ఎవరో వైరు పీకేస్తే పొగ దానంతటదే ఆగిపోయింది. యజమాని వచ్చి చూసి, "ఇంతేనా?" అన్నాడు.

మర్నాడు అందరూ వచ్చారు, ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్క మిషనూ కదల్లేదు. వెనక తలుపు తెరిచి ఉంచాలి. తెరిచేదాకా కుట్టరు, దిగరు. అంతే.

యజమాని ఆఫీసులో అమ్మమ్మని పిలిచాడు.

"నాలుగింటికి పోలీసులొస్తారు. చెప్పేశాను. ఈలోగా నువ్వు దింపుతావో, వాళ్ళొచ్చి దింపుతారో నీ ఇష్టం."

అమ్మమ్మ లెక్క వేసుకుంది. పోలీసులు మెట్లెక్కితే వీళ్ళని ఈడ్చుకుపోతారు, తలుపు తాళం అలాగే ఉంటుంది. మేకు మీది కోటు తన ఒంటి మీదకొస్తుంది.

"తలుపు తెరిస్తే ఏమవుతుంది సారు?"

"సరుకు నడిచి వెళ్ళిపోతుందమ్మా. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలియదు."

ఆమె పైకి వెళ్ళింది. మిషన్ల మోత మధ్య రోజూ గొంతు చించుకున్నా వినబడని హాలు, ఆ రోజు ఆమె చెప్పుల చప్పుడు కూడా వినబడుతోంది. అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి.

"వచ్చింది ప్లీడరమ్మ," అన్నారు ఎవరో. "ఎవరి తరఫున వచ్చారు మేడమ్?"

"ఎవరి తరఫునా కాదు."

"అలాంటి ప్లీడరు కూడా ఉంటుందా?" అంది కత్తెరక్క. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు.

అమ్మమ్మ ఒక ఖాళీ స్టూలు లాక్కుని కూర్చుంది. అది కాలర్ల పిల్ల స్టూలు అని ఆమెకి తర్వాత తెలిసింది. "అక్కా, సారు తలుపెందుకు వేయించాడో నువ్వు చెప్పు. ఆయన చెప్పుకున్నట్టే చెప్పాలి," అంది.

"ఆయన మాట నేనెందుకు చెప్పాలి?"

"మీ మాట ఆయన చేత చెప్పిస్తాను కాబట్టి."

కత్తెరక్క ఆమెని ఎగాదిగా చూసింది. "ఆయన చేతా! ముందు ఆయన్ని పైకి తీసుకురండి, అప్పుడు చూద్దాం."

తీసుకురావడం ఏమంత తేలికైంది కాదు. "వాళ్ళనే కిందికి రమ్మను," అన్నాడు యజమాని. ఆమె పైకెళ్ళింది. "దిగితే మళ్ళీ ఎక్కనివ్వరు," అన్నారు వాళ్ళు. ఆమె కిందికొచ్చింది. ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయి. గడియారం చూస్తే మూడు దాటింది. చివరికి ఆమె యజమాని బల్ల ముందు నిలబడి, "సారు, పోలీసులొచ్చాక ఎలాగూ మీరు పైకి రావాలి. అప్పుడు వాళ్ళ వెనక వస్తారు. ఇప్పుడైతే మీ అంతట మీరు వచ్చినట్టుంటుంది," అంది.

ఆయన లేచాడు. జేబు గలగలలాడుతూ మెట్లెక్కాడు.

ఆయన్ని అమ్మమ్మ వెనక తలుపు పక్కన ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎదురుగా కత్తెరక్క. చుట్టూ అందరూ. ముందు కత్తెరక్కని చెప్పమంది.

కత్తెరక్క కత్తెర తిప్పుతూ మొదలుపెట్టింది. "సారుకి మేమంతా దొంగలం."

యజమాని అడ్డంగా తలూపాడు. "నేనలా అన్నానా?"

"మళ్ళీ చెప్పక్కా," అంది అమ్మమ్మ.

కత్తెరక్క కత్తెర వదిలేసింది. "అప్పట్లో చొక్కాలు పోయాయి. ఎవరు తీశారో తేలలేదు. సరుకు తక్కువొచ్చిందని కొనే కొట్టువాళ్ళు మళ్ళీ ఆర్డరివ్వలేదు. ఆ నెలంతా సగం మిషన్లు ఖాళీగా ఉన్నాయి. మళ్ళీ అలాగైతే ఈ ఫ్యాక్టరీ నిలబడదని సారు భయం. నిలబడకపోతే మేమూ నిలబడం, అదీ నిజమే."

యజమాని తలూపాడు. ఊపి, ఇంత సరిగ్గా చెప్పిందేమిటా అని ఆమె వంక అనుమానంగా చూశాడు.

"ఇప్పుడు మీరు సారు. వాళ్ళ మాట."

"ఏముంది? పని ఎగ్గొట్టాలని..."

అన్ని తలలూ ఒక్కసారే అడ్డంగా ఊగాయి. ఆయన మాట మార్చాడు.

"పొగొచ్చింది, భయపడ్డారు. అనవసరంగా తోసుకున్నారు."

మళ్ళీ అడ్డంగానే. కింద రోడ్డు మీద ఏదో బండి ఆగిన చప్పుడైతే అమ్మమ్మ ఉలిక్కిపడింది. పాలవ్యాను.

"ఆ స్టూలు ఎవరిదో తెలుసా సారు?" అంది కత్తెరక్క.

ఆయనకి తెలియదు. ఎవరో చెప్పారు. ఆయన ఆ ఖాళీ స్టూలు వంక చూసి, గొంతు సవరించుకున్నాడు. ఈసారి నెమ్మదిగా మొదలుపెట్టాడు. "పొగ వచ్చింది. ముందు మెట్లు ఇరుకు. వెనక తలుపు దగ్గరున్నవాళ్ళు తలుపు కొట్టారు. అది... తాళం వేసి ఉంది. మంటే అయ్యుంటే వాళ్ళు..." ఆగి, గబగబా ముగించాడు. "కానీ తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది కదా! ఎంతసేపు? ఒక్క నిమిషంలో తీసేవాడు."

"అయితే తెప్పించండి సారు," అంది కత్తెరక్క. "ఒక్క నిమిషమేగా."

ఎవరో కిటికీలోంచి కేకేశారు. వాచ్‌మన్ రొప్పుతూ ఎక్కి వచ్చాడు.

"తాళంచెవా? నా దగ్గర లేదు బాబూ. నేను చేరినప్పుడు పాత వాచ్‌మన్ గేటు తాళమొకటే ఇచ్చాడు. ఇది సారు దగ్గరే ఉందన్నాడు."

"నా దగ్గరా?" యజమాని లేచాడు. జేబులో చెయ్యి పెట్టాడు. గలగల. అటు జేబూ తడిమాడు. చివరికి రెండు జేబులూ ఇస్త్రీ బల్ల మీద బోర్లించాడు. తెల్ల గుండీలు, నల్ల గుండీలు, రెండు బెజ్జాలవి, నాలుగు బెజ్జాలవి, దొర్లి నేల మీద పడి చెల్లాచెదరయ్యాయి. వాటిలో ఒక సైకిలు తాళంచెవి, ఒక మేకు. అంతే.

ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళుగా ఆ గలగలకి నవ్వుకున్నవాళ్ళే. గుండీలు దొర్లడం ఆగిపోయేదాకా అందరూ వాటినే చూస్తూ నిలబడ్డారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. నిన్న కూడా లేదు. నిన్న వచ్చింది పొగ కాక మంటైతే ఏమయ్యేదో అందరి కళ్ళ ముందూ ఒక్కసారే ఆడింది.

కత్తెరక్క మెల్లిగా ఇటు తిరిగింది. యజమాని వైపు కాదు, అమ్మమ్మ వైపు.

"ఈ బోర్డు ఎవరు పెట్టించారు?"

"నేనే."

"పెట్టించినప్పుడు తాళం తీయించి తలుపు తోసి చూశారా?"

చూడలేదు. దారి ఉండాలని చట్టంలో ఉంది, దారి ఉందని బోర్డు మీద ఉంది. ఆ రెంటినీ అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకుంది. మధ్యలో ఉన్న తలుపుని చేత్తో ముట్టుకోలేదు. లా చదివినవాళ్ళే చేయగల తప్పు అది. మాబోటి చదువు రానివాళ్ళం అయితే ముందు తోసి చూస్తాం, బోర్డు తర్వాత చదువుతాం, అది కూడా తీరికుంటే.

"ఇప్పుడు మీ వంతు మేడమ్," అంది కత్తెరక్క. "మా మాట మీరు చెప్పండి. మేం తలూపాలి."

ఈ ఘట్టం దగ్గరికి రాగానే అమ్మమ్మ "ఏదో చెప్పాన్లే" అని దాటేస్తుంది. అప్పుడు కత్తెరక్క అందుకుంటుంది. మీ అమ్మమ్మ నిలబడింది, రెండు చేతులా స్టూలు పట్టుకుంది అంటుంది. అలా పట్టుకునే చెప్పిందట.

"తాళం కన్నా నా బోర్డు వల్ల మీకు ఎక్కువ ప్రమాదం. ఉత్త గోడైతే మీరు అటు పరిగెత్తేవాళ్ళే కాదు. దారి ఉందని నేను రాయించాను కాబట్టి నమ్మి పరిగెత్తారు."

కత్తెరక్క తల కిందికీ పైకీ ఆడింది, ఒక్కసారే.

సరిగ్గా అప్పుడే కింద గేటు దగ్గర జీపు ఆగింది. ఈసారి పాలవ్యాను కాదు.

"మెకానిక్కుని పిలవండి!" అని అరిచింది అమ్మమ్మ. పిల్లి తప్ప ఎవరూ పలకని ఆ గొంతు హాలు ఆ చివరిదాకా వినబడిందట. ఇది మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. మిషన్ల మెకానిక్ హాక్సా బ్లేడు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కోయడం మొదలుపెట్టాడు. కర్రు కర్రుమని రంపం, కింద బూట్ల చప్పుడు. "త్వరగా కానీ బాబూ." "బ్లేడు విరుగుతుందండీ, తొందరపెట్టకండి." ముందు మెట్ల కింద ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. వాచ్‌మన్ ఏదో సణుగుతున్నాడు.

తాళం ఊడి కింద పడింది. మెకానిక్ తలుపు తోశాడు.

రాలేదు.

మళ్ళీ తోశాడు. కత్తెరక్క చెయ్యి వేసింది. తలుపు కదలదు. "బయట ఏదో అడ్డుంది," అన్నాడు మెకానిక్. యజమాని ముఖంలో రంగు దిగిపోయింది. గోడౌను చాలక పోయిన నెలలో అట్టపెట్టెలు ఇనప మెట్ల మీద పేర్పించింది ఆయనే.

ముందుగా ఆయనే భుజంతో తలుపుని గుద్దాడు. పక్కనే మెకానిక్, ఆ పక్కన కత్తెరక్క, వెనక నుంచి కాజాల వరస, చేతుల వరస. అందరూ కలిసి తోశారు. బెత్తెడు తెరుచుకుంది. వెలుతురు, గాలి. ఇంకొకసారి తోశారు. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ధడధడా మెట్ల మీదుగా కిందికి పోయాయి.

కింద వెనక దారిన చుట్టి వస్తున్న ఇన్‌స్పెక్టరు ఒక్క గెంతు గెంతి గోడకి అంటుకుపోయాడు. ఆయన ముందు చివరి పెట్టె ఆగి పగిలి, తెల్ల చొక్కాలు బయటపడ్డాయి.

"ఏం జరుగుతోందిక్కడ?" అని కిందనుంచే అరిచాడు. "ఎవరు పిలిచారు మమ్మల్ని?"

అందరూ యజమాని వైపు చూశారు. ఇప్పుడాయన నోట్లోంచి ఏ మాట వస్తే అదే తీర్పు. అమ్మమ్మకి మేకు మీది కోటు కళ్ళ ముందు ఆడింది. ఆయన జేబులు బయటికి వేలాడుతున్నాయి. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుంది. గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఆ ఇనప మెట్లని పైనుంచి కిందికి చూశాడు.

"నేనే పిలిచానండీ," అన్నాడు. "ఈ తలుపు తెరుచుకోలేదు."

"తలుపు తెరవడానికి పోలీసులెందుకయ్యా?"

"అదేనండీ. ఇప్పుడు తెరుచుకుంది."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, నుదురు తుడుచుకుని, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఒక చొక్కా తీసి కొలత చూసుకున్నాడని కత్తెరక్క అంటుంది. అమ్మమ్మ కాదంటుంది. ఇక్కడ కూడా నేను కత్తెరక్క పక్షమే.

సరుకు భయం మాటేమిటి అంటే, దానికి కత్తెరక్కే ఉపాయం చెప్పింది. తలుపుకి తాళం బదులు గంట కట్టారు. తెరిస్తే హాలంతా మోగుతుంది. దొంగ అయినా మోగించుకునే దిగాలి. ఇక కాలర్ల పిల్ల చెయ్యి అతుక్కుని తిరిగొచ్చేదాకా ఆమె స్టూల్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ చెయ్యి మాత్రం చలికాలంలో ఇప్పటికీ లాగుతుందట.

ఏడాది నిండాక ముత్తాత కూతుర్ని తీసుకుపోదామని ఫ్యాక్టరీకి వచ్చాడు. వాచ్‌మన్‌ని అడిగితే, "ప్లీడరమ్మ గారా? వెనక తలుపు దగ్గరుంటారండీ. పొద్దున్నే తానే తీసి చూసి గానీ గదిలోకి రారు," అన్నాడు. ముత్తాత మెట్లెక్కి పైకి వెళ్ళాడు. గంట మోగుతుంటే విన్నాడు. గదిలో మేకు ఖాళీగా ఉంది.

"కోటేదమ్మా?"

ఆమె ఇస్త్రీ బల్లల వైపు చూపించింది. ప్రతివాళ్ళ చేతిలో ఒక నల్లటి దళసరి గుడ్డముక్క. వేడి ఇస్త్రీ పెట్టె పట్టుకోవడానికి కత్తెరక్క కత్తిరించి కుట్టిచ్చింది. జేబు ఉన్న ముక్క ఆమె తనకే ఉంచుకుంది.

ముత్తాత చాలాసేపు చూశాడు. "మంచి గుడ్డ," అన్నాడు చివరికి. "కాలదు." ఆపైన దగ్గాడు. ఆ దగ్గుకి అక్కడ ఒక్కరూ నిటారుగా నిలబడలేదు. వెళ్ళేటప్పుడు ముందు మెట్ల మీదుగా కాదు, వెనక తలుపు తీసుకుని గంట మోగిస్తూ దిగాడట. కూతురితో మాత్రం ఆ పూట మరి మాట్లాడలేదు.

అమ్మమ్మ ఆ ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు చేసింది. తర్వాత కోర్టుకెక్కకముందే తగాదాలు తీర్చే ఒక చిన్న ఆఫీసులో కూర్చుంది. అన్నదమ్ములు, అద్దెవాళ్ళు, విడిపోయే భాగస్వాములు, అందరూ ఆమె ఎదుట అవతలివాళ్ళ మాట చెప్పలేక నానా తంటాలూ పడ్డారు. ఆమె ఇంతవరకు ఎవరికీ తీర్పు చెప్పలేదు. చెబితే మేం వినేవాళ్ళమూ కాదు.

ఇప్పటికీ ఆమెని ఎక్కడికి తీసుకెళ్ళినా మాకు తలకాయ కొట్టేసినట్టే. సినిమా హాలైనా ఆసుపత్రైనా ముందు వెనక తలుపు దగ్గరికి నడుస్తుంది, బోర్డు చదవదు, అరచెయ్యి ఆనించి తోస్తుంది. ఒక పెద్ద బట్టల కొట్లో అలా తోస్తే అలారం మోగి జనమంతా రోడ్డు మీదకొచ్చారు. మేం భూమిలోకి కుంగిపోయాం. ఆమె మాత్రం "ఎంత తొందరగా దిగారో చూశారా!" అని సంబరపడింది.

నేను ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నప్పుడు చూడ్డానికి వచ్చింది. బల్ల చూడలేదు, దీపాల కింద మెరిసే పరికరాలు చూడలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. వచ్చినవాళ్ళని తప్పించుకుంటూ తిన్నగా వెనక్కి నడిచి తలుపు తోసింది. హాయిగా తెరుచుకుంది. నేను చేతులు కట్టుకుని గర్వంగా నిలబడ్డాను.

అమ్మమ్మ తలుపు చూడటం మానేసి నేల చూస్తోంది. తలుపుకి ఎదురుగా దుమ్ములో పక్కపక్కనే పలకల్లాంటి శుభ్రమైన గుర్తులు, ఒక్కోటి ఒక్కో అట్టపెట్టె అంత.

"ఎప్పుడు తీయించావు?" అంది.

"ఏవి?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, టీ తెప్పించమంది. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"రేపు మళ్ళీ వస్తాను," అంది. "చెప్పకుండా."